పాత వాల్వ్ సెట్ సౌండే వేరు.. ఇది నిజమేనా? ట్యూబ్, ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ల మధ్య అసలు తేడా ఇదీ!

శ్రీరామనవమి వచ్చిందంటే భద్రాచలం వీధుల నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి పల్లెల దాకా పందిరి వేసిన ప్రతిచోటా మైక్ సెట్ మోగాల్సిందే. ఆ మైక్ సెట్ పక్కన కూర్చున్న పెద్దవాళ్ల నోటి నుంచి ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "ఎన్నైనా చెప్పండి.. ఆ రోజుల్లో వాల్వ్ సెట్ సౌండే వేరు!"

ఈ మాట ఒక్క మన దగ్గరే కాదు. ప్రపంచమంతా సౌండ్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు ఇదే అంటుంటారు. అందుకే ట్యూబ్ యాంప్లిఫయర్లకు ఇప్పటికీ వేల నుంచి లక్షల రూపాయల దాకా ధర పలుకుతోంది. ఇంతకీ ఆ సౌండ్‌లో నిజంగా ఏదైనా ఉందా? లేక పాతది కాబట్టి బాగుందనిపిస్తోందా? అటకమీద తాతల నాటి సెట్ ఉంటే ప్లగ్ పెట్టి చూడొచ్చా? వివరంగా చూద్దాం.

క్లుప్తంగా చెప్పాలంటే..

* రెండింటి సౌండ్‌లో తేడా ఉన్న మాట నిజం. కానీ అది ఎప్పుడూ వినపడదు.
* యాంప్లిఫయర్ తన శక్తికి మించి పనిచేసినప్పుడు, కొన్ని రకాల స్పీకర్లు తగిలించినప్పుడు తేడా బయటపడుతుంది.
* ఊళ్లో మైక్ అనౌన్స్‌మెంట్‌కి ట్యూబ్ కంటే బ్యాటరీ మీద నడిచే ట్రాన్సిస్టర్ సెట్టే నమ్మకం.
* పాత వాల్వ్ సెట్ లోపల 300 నుంచి 500 వోల్టులు ఉంటాయి. ప్లగ్ తీసేసినా షాక్ కొట్టొచ్చు.

అసలు యాంప్లిఫయర్ చేసే పనేంటి?

మైక్‌లో మాట్లాడితే పుట్టే కరెంటు చాలా చిన్నది. వోల్టులో వెయ్యో వంతు స్థాయిలో ఉంటుంది. దాంతో హారన్ మోగదు. ఆ చిన్న సిగ్నల్ ఎలా పెరిగి తరిగితే అలాగే, కరెంటు సప్లై నుంచి పెద్ద శక్తిని తీసుకుని స్పీకర్‌కి అందించేదే యాంప్లిఫయర్. కాలువ తూము దగ్గర చిన్న చక్రం తిప్పితే పెద్ద నీటి ప్రవాహం పెరిగి తగ్గినట్టన్నమాట. ఆ చక్రం పని గాజు వాల్వ్ చేస్తే అది ట్యూబ్ యాంప్లిఫయర్. సిలికాన్ ముక్క చేస్తే ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్. దీన్నే సాలిడ్ స్టేట్ అంటారు.

వాల్వ్‌లో ఒక ఫిలమెంట్ వేడెక్కి ఎర్రగా వెలుగుతుంది. ఆ వేడికి ఎలక్ట్రాన్లు బయటికొచ్చి ఖాళీలోంచి ప్లేట్ వైపు పరిగెడతాయి. మధ్యలో ఉన్న సన్నటి తీగల జల్లెడ లాంటి గ్రిడ్ ఆ పరుగును అదుపు చేస్తుంది. అందుకే వాల్వ్ సెట్ ఆన్ చేయగానే పలకదు. అర నిమిషం వేడెక్కాలి. ట్రాన్సిస్టర్‌కి ఈ వేడెక్కే గొడవే లేదు. స్విచ్ వేయగానే పలుకుతుంది.

చరిత్ర చూస్తే 1904లో ఫ్లెమింగ్ మొదటి వాల్వ్ తయారు చేశారు. 1906లో లీ డి ఫారెస్ట్ దానికి గ్రిడ్ చేర్చారు. సిగ్నల్‌ని పెంచడం అక్కడి నుంచే సాధ్యమైంది. 1947 డిసెంబర్‌లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. దానికిగాను బార్డీన్, బ్రాటెయిన్, షాక్లీలకు 1956లో నోబెల్ వచ్చింది. మన దేశంలోనూ బెంగళూరులోని బీఈఎల్ ఒకప్పుడు వాల్వులు తయారు చేసింది. ఆ కంపెనీ గుర్తున్న పాత వాల్వుల కోసం సేకరించేవాళ్లు ఇప్పటికీ వెతుకుతుంటారు.

మన తెలుగువాళ్ల చెవికి వాల్వ్ సౌండ్ అలవాటు చేసింది రేడియోనే. 1948లో విజయవాడ ఆకాశవాణి మొదలైంది. భక్తిరంజనిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో రామదాసు కీర్తనలు, ఉషశ్రీ గారి భద్రాచలం కల్యాణ వ్యాఖ్యానం.. ఇవన్నీ రేడియోలోనే ఊరూరికీ చేరాయి. చేతిలో పట్టే ట్రాన్సిస్టర్ రేడియో రాకముందు ఇంట్లో బల్ల మీద చెక్క పెట్టెలా కూర్చున్నది వాల్వ్ రేడియోనే. ఆ సౌండ్‌తో జ్ఞాపకాలు ముడిపడి ఉన్నాయి. అయితే జ్ఞాపకం వేరు, కొలత వేరు. ఇప్పుడు కొలతల సంగతి చూద్దాం.

సౌండ్ తేడా ఎక్కడ మొదలవుతుంది?

యాంప్లిఫయర్ హాయిగా, తన శక్తి లోపల పనిచేస్తున్నంతసేపు మంచి ట్యూబ్ సెట్‌కీ మంచి ట్రాన్సిస్టర్ సెట్‌కీ పెద్దగా తేడా ఉండదు. శక్తి అయిపోయినప్పుడే అసలు రంగు బయటపడుతుంది.

మన ఏజెన్సీ ఉదాహరణే తీసుకుందాం. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మ కథలను డోలు కొడుతూ కోయ భాషలో పాడి వినిపించిన కళాకారుడాయన. డోలు మీద దెబ్బ పడిన ఆ క్షణంలో సౌండ్ ఒక్కసారిగా పైకి ఎగుస్తుంది. మామూలు స్థాయి కంటే పది రెట్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ శక్తి కావాల్సి వస్తుంది. అంటే సగటున 5 వాట్లతో మోగుతున్న సెట్‌కి ఆ దెబ్బ కోసం 50 వాట్లు కావాలి. సెట్‌లో అంత లేకపోతే?

ట్రాన్సిస్టర్ సెట్ అయితే సిగ్నల్ పైభాగాన్ని కత్తితో కోసినట్టు చదునుగా నరికేస్తుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. చెవికి అది 'బరబరా' మని, చిరిగిన గుడ్డలా వినిపిస్తుంది. చాలా ట్యూబ్ సెట్లలో ఈ కోత నెమ్మదిగా మొదలవుతుంది. పైభాగం చదును కాకుండా గుండ్రంగా వంగుతుంది. దెబ్బ పదును తగ్గుతుంది కానీ చెవిని గుచ్చదు. 20 వాట్ల ట్యూబ్ సెట్ అంతకంటే పెద్ద ట్రాన్సిస్టర్ సెట్‌లా మోగిందని పెద్దవాళ్లు చెప్పే మాట వెనక ఉన్నది ఇదే. వాట్లు ఎక్కువ కాదు. పొరపాటు చేసినా మెత్తగా చేస్తుంది.

ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లు ఇప్పటికీ ట్యూబ్ యాంప్లిఫయర్లు వదలకపోవడానికి కారణమూ ఇదే. వాళ్లకు ఆ వంకర కావాలి. ఫెండర్, మార్షల్ లాంటి కంపెనీల పేరు నిలబడింది ఆ సౌండ్ మీదే. కానీ కీర్తన వినేవాళ్లకు ఆ వంకర అక్కర్లేదు. పాడినది పాడినట్టు రావాలి. ఈ తేడా మర్చిపోతేనే వాదన దారి తప్పుతుంది.

సరిగమల్లో చెప్పుకుంటే..

ఏ యాంప్లిఫయర్ అయినా అసలు స్వరానికి తనవంతుగా కొన్ని అదనపు స్వరాలు కలుపుతుంది. వాటిని హార్మోనిక్స్ అంటారు. పాట నేర్చుకున్నవాళ్లకి ఇది చాలా తేలికగా అర్థమవుతుంది.

గాయకుడి షడ్జమం 240 హెర్ట్జ్ అనుకుందాం. దానికి రెండో హార్మోనిక్ 480. అది పై స్థాయి 'స'. మూడోది 720. అది పై స్థాయి 'ప'. నాలుగోది 960, ఇంకో స్థాయి పైన 'స'. ఐదోది 1200, అంటే అంతర గాంధారం. ఇక్కడిదాకా అన్నీ శ్రుతిలో కలిసేవే. ఏడోది 1680. ఇది కైశికి నిషాదానికి కాస్త కిందగా పడుతుంది, శ్రుతిలో కలవదు. ఇంకా పైకి వెళ్లే కొద్దీ 9, 11, 13.. చాలావరకు గరగరలాగే వినిపిస్తాయి.

ఒకే పవర్ వాల్వ్‌తో నడిచే 'సింగిల్ ఎండెడ్' సెట్లు ఎక్కువగా రెండో హార్మోనిక్‌ని కలుపుతాయి. గొంతుకి పైస్థాయి షడ్జమం లీలగా తోడైనట్టు ఉంటుంది. గొంతు నిండుగా, వెచ్చగా ఉందని మనం అనేది దాన్నే. క్లిప్ అయిన ట్రాన్సిస్టర్ సెట్ 3, 5, 7, 9 ఇలా బేసి హార్మోనిక్స్ పొడవునా కలుపుతుంది. అందుకే చెవికి కటువు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. రెండు పవర్ వాల్వులు జోడీగా పనిచేసే 'పుష్ పుల్' ట్యూబ్ సెట్లలో రెండో హార్మోనిక్ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. పాత మైక్ సెట్ల లాంటి పెద్ద వాట్ల ట్యూబ్ యాంప్లిఫయర్లు సాధారణంగా ఈ రకమే. కాబట్టి ట్యూబ్ అన్న ప్రతిదానికీ 'వెచ్చటి సౌండ్' బిళ్ల అంటించడం కుదరదు.

ఇంకో సంగతి. ఈ వెచ్చదనం పాటలో ఉన్నది కాదు. సెట్ కలిపింది. ఒక సింగిల్ ఎండెడ్ సెట్ పూర్తి శక్తి దగ్గర నూటికి మూడు, నాలుగు వంతులు ఇలా సొంతంగా కలపొచ్చు. మంచి ట్రాన్సిస్టర్ సెట్‌లో అది 0.1 శాతం కంటే తక్కువే. పులిహోరలో ఇంగువలాంటిది. కొందరికి అదే రుచి. కానీ అన్నంలో పుట్టిన వాసన మాత్రం కాదు.

స్పీకర్ మారితే సౌండ్ ఎందుకు మారుతుంది?

చాలామంది పట్టించుకోని పాయింట్ ఇది. స్పీకర్ మీద '8 ఓమ్స్' అని రాసి ఉంటుంది. కానీ నిజానికి అది ఒక్కో స్వరం దగ్గర ఒక్కోలా ఉంటుంది. ఒకచోట 6, ఇంకోచోట 30 కూడా కావచ్చు.

ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ సొంత నిరోధం దాదాపు సున్నా. అందుకే స్పీకర్ ఎలా మారినా ఒకే వోల్టేజ్ ఇస్తుంది. కొన్ని ట్యూబ్ సెట్లకు 2, 3 ఓమ్స్ సొంత నిరోధం ఉంటుంది. లెక్క వేసి చూడండి. 3 ఓమ్స్ నిరోధం ఉన్న సెట్, స్పీకర్ 6 ఓమ్స్ ఉన్నచోట తన వోల్టేజ్‌లో మూడింట రెండు వంతులే ఇస్తుంది. 30 ఓమ్స్ ఉన్నచోట పదింట తొమ్మిది వంతులు ఇస్తుంది. రెండింటికీ తేడా సుమారు 2.7 డెసిబెల్స్. ఇది స్పష్టంగా వినపడే తేడా. ఎవరో బేస్, ట్రెబుల్ బిళ్లలు కాస్త తిప్పినట్టే.

అంటే ఒకే ట్యూబ్ సెట్ ఒక స్పీకర్‌తో అమృతంలా, ఇంకో స్పీకర్‌తో మొద్దుగా వినిపించవచ్చు. 'ఫలానా సెట్ సౌండ్ సూపర్' అని ఎవరైనా చెబితే, ఏ స్పీకర్‌తో విన్నారని అడగాలి.

పరీక్ష పెడితే ఏం తేలింది?

1973లో రస్సెల్ హామ్ అనే రికార్డింగ్ ఇంజినీర్ ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ జర్నల్‌లో ఒక పేపర్ రాశారు. ట్యూబ్, ట్రాన్సిస్టర్ల మధ్య వినపడే తేడా ఉందా అన్నదే దాని ప్రశ్న. మైక్ సిగ్నల్ హద్దు దాటినప్పుడు రెండూ వేర్వేరు హార్మోనిక్స్ ఇస్తాయని, తేడా అక్కడే ఉందని ఆయన చూపించారు.

1985లో ఇంకో ఆసక్తికరమైన సంగతి జరిగింది. అమెరికాకు చెందిన డిజైనర్ బాబ్ కార్వర్ 'స్టీరియోఫైల్' మ్యాగజైన్ వాళ్లకు సవాల్ విసిరారు. మీరు మెచ్చే ఖరీదైన యాంప్లిఫయర్ సౌండ్‌ని నా ట్రాన్సిస్టర్ సెట్‌లో తెప్పిస్తానన్నారు. వాళ్లు ఎంచుకున్నది ఒక ట్యూబ్ సెట్. రెండింటి అవుట్‌పుట్‌ని ఒకదానితో ఒకటి పోల్చి, మిగిలిన తేడాని తగ్గించుకుంటూ పోయారు కార్వర్. చివరికి రెండింటినీ విడదీసి చెప్పలేకపోయామని ఆ మ్యాగజైన్ వాళ్లే ఒప్పుకున్నారు.

దీన్నిబట్టి అర్థమయ్యేదేంటి? ట్యూబ్ సౌండ్ మాయ కాదు, నిజమే. కానీ అది గాజు బుడ్డీలోనే దాక్కున్న రహస్యం కూడా కాదు. హార్మోనిక్స్, సొంత నిరోధం, మెత్తటి క్లిప్పింగ్.. వీటి కలయిక. కొలవొచ్చు, కావాలంటే ట్రాన్సిస్టర్‌తోనూ తెప్పించవచ్చు.

మన అడవి పల్లెల్లో వాల్వ్ ఎందుకు వెనకబడింది?

కారణం సౌండ్ కాదు, కరెంటు. వాల్వ్‌కి వందల వోల్టులు కావాలి. కారు బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ఆ రోజుల్లో ప్రచార వాహనంలో వాల్వ్ సెట్ నడపాలంటే ఆ 12 వోల్టులను వందల్లోకి పెంచే వైబ్రేటర్ లాంటి ప్రత్యేక యూనిట్ ఉండాల్సిందే. పైగా ఫిలమెంట్లు వెలగడానికే బోలెడు కరెంటు పోతుంది. ఒక్కో వైపు 8 వాట్ల సౌండ్ ఇచ్చే ట్యూబ్ స్టీరియో, ప్లగ్ నుంచి వంద వాట్ల దాకా లాగొచ్చు. మిగిలిందంతా వేడే. కొత్తగూడెం, భద్రాచలం వైపు ఎండాకాలం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు కదా!

ట్రాన్సిస్టర్ సెట్ నేరుగా 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. గుంతల రోడ్డులో ఆటో ఎగిరినా లోపల పగిలే గాజు లేదు. ఇప్పుడొస్తున్న క్లాస్ డి సెట్లు తీసుకున్న కరెంటులో 90 శాతం దాకా స్పీకర్‌కే ఇవ్వగలవు.

దీని విలువ ఎప్పుడు తెలుస్తుందంటే, గోదావరికి వరద వచ్చినప్పుడు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత పెద్ద వరద అదే. అలాంటి రాత్రి కరెంటు పోతే, సెల్ సిగ్నల్ లేకపోతే, లోతట్టు ఊళ్లను ఖాళీ చేయించడానికి బ్యాటరీ మైకే దిక్కు. అప్పుడు గొంతు వెచ్చగా ఉందా అని ఎవరూ చూడరు. మాట అర్థమైందా లేదా అన్నదే ముఖ్యం.

మాట అర్థం కావాలంటే హల్లులు స్పష్టంగా వినపడాలి. అవి ఎక్కువగా 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. అందుకే అనౌన్స్‌మెంట్‌కి బేస్ తగ్గించాలి. క్లిప్పింగ్ రాకుండా వాల్యూమ్ ఒక మెట్టు కిందే పెట్టాలి. ఒక హారన్ 1 వాట్‌కి, మీటరు దూరంలో 105 డెసిబెల్స్ ఇస్తుందనుకుందాం. 20 వాట్లు ఇస్తే 118. ఆరుబయట వంద మీటర్ల దూరానికి అది 78కి పడిపోతుంది. 40 వాట్లకు పెంచినా 81 మాత్రమే. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే! ఊరంతా వినపడాలంటే సెట్‌ని విరగబాదే బదులు ఇంకో చోట ఇంకో హారన్ కట్టడం మేలు.

ఇక పండగలప్పుడు గుర్తుంచుకోవాల్సింది.. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా, రాత్రి 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ట్యూబ్ అయినా ట్రాన్సిస్టర్ అయినా రూల్ ఒక్కటే.

అటక మీద పాత సెట్ ఉందా? ముందు ఇది చదవండి

పాత వాల్వ్ సెట్ దుమ్ము దులిపి ప్లగ్ పెట్టేద్దాం అనుకుంటున్నారా? ఆగండి.

* లోపల 300 నుంచి 500 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ తీసేశాక కూడా కండెన్సర్లలో ఆ చార్జ్ నిలిచి ఉండొచ్చు. ముట్టుకుంటే ప్రాణం పోయే ప్రమాదం ఉంది.
* కొన్ని పాత ఏసీ/డీసీ రేడియోల్లో ఇనుప చట్రానికే మెయిన్స్ కరెంటు తగిలి ఉంటుంది. బిళ్ల ఊడిన చోట వేలు పెట్టినా షాక్ కొట్టొచ్చు.
* ఏళ్ల తరబడి వాడని కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. నేరుగా 230 వోల్టులు ఇస్తే పేలొచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. తెలిసిన మెకానిక్ ముందు సీరీస్ బల్బ్ పెట్టి చూస్తారు, పాత కండెన్సర్లు మారుస్తారు.
* స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ సెట్‌ని ఎప్పుడూ నడపకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది. సెట్‌లో ఖరీదైన భాగాల్లో అదొకటి.
* వాల్వ్ సెట్లు తెలిసిన మెకానిక్ దొరికితేనే విప్పించండి. యూట్యూబ్ చూసి సొంతంగా స్క్రూలు తీయొద్దు.

కొత్తది కొనాలనుకుంటే..

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు 'ట్యూబ్ యాంప్లిఫయర్' అని కనపడే వాటిలో చాలావరకు హైబ్రిడ్లు. ముందు భాగంలో ఒకటి రెండు చిన్న ట్యూబులు, స్పీకర్‌ని నడిపేది మాత్రం ట్రాన్సిస్టర్ చిప్. కొన్నింటిలో ఆ వెలుగు కూడా ఫిలమెంట్‌ది కాదు, కింద పెట్టిన ఎల్ఈడీది! పెద్ద అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు లేకుండా తేలిగ్గా ఉంటే అది దాదాపుగా పూర్తి ట్యూబ్ సెట్ కాదనే అనుకోవాలి.

ఖర్చు సంగతీ ఉంది. పవర్ ట్యూబులు కొన్ని వేల గంటల తర్వాత మార్చాలి. ఇప్పుడు అవి ప్రధానంగా రష్యా, స్లొవేకియా, చైనాల నుంచే వస్తున్నాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ట్యూబుల సరఫరాకు ఇబ్బంది వచ్చి ప్రపంచమంతా కంగారు పడింది. పల్లెలో ఉండి ఒక ట్యూబ్ పోతే పార్సిల్ కోసం ఎదురుచూడాల్సిందే.

కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఒకే స్పీకర్, ఒకే పాట పెట్టండి. రెండు సెట్ల వాల్యూమ్ సరిగ్గా సమానంగా ఉండాలి. చెవితో అంచనా వేయొద్దు. టెస్ట్ టోన్ ప్లే చేసి స్పీకర్ తీగల దగ్గర మీటర్‌తో వోల్టేజ్ సరిచూడమని షాపు వాళ్లను అడగండి. ఎందుకంటే కాస్త ఎక్కువ సౌండ్ వచ్చే సెట్టే బాగుందని మన చెవి మోసపోతుంది. తర్వాత ఏది ఎప్పుడు మోగుతుందో మీకు తెలియకుండా ఇంకొకరిని మార్చమనండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పగలిగితే తేడా మీకు వినపడుతున్నట్టే. ఐదారుసార్లే చెబితే ఆ డబ్బులు మంచి స్పీకర్ మీద పెట్టండి. ఇంట్లో సౌండ్‌ని ఎక్కువగా మార్చేది స్పీకర్, ఆ తర్వాత అది ఉన్న గది.

చివరికి ఏది బెస్ట్?

ఇంట్లో నెమ్మదిగా పాత కీర్తనలు వినడానికి, డబ్బు, ఓపిక ఉంటే ట్యూబ్ సెట్ ఒక ముచ్చట. ఆ వెచ్చదనం నచ్చితే తప్పేం లేదు. పాడినది పాడినట్టు వినాలంటే మంచి ట్రాన్సిస్టర్ సెట్ చాలు, అదీ తక్కువ ధరకే. ఊరి మైక్‌కి, వరద హెచ్చరికకి, జాతరకి మాత్రం బ్యాటరీ మీద నడిచే సెట్టే. పెద్దవాళ్లు "వాల్వ్ సెట్ సౌండే వేరు" అన్నప్పుడు కాదనకండి. వేరే అన్నది నిజం. మేలా కాదా అన్నది దేనికి వాడుతున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది.